కేసు వైవాలో 80 మార్కులు, రోగి ఎదురుగా కూర్చుంటే మాట పెగలదు: డయాగ్నొస్టిక్ ఇంటర్వ్యూకి మార్కులు ఎట్లా వెయ్యాల?

కపిలతీర్థం
క్లినికల్ సైకాలజీ ట్రైనీలకు ఇంటర్వ్యూ పరీక్ష మీ దగ్గర ఎట్లా పెడతాండారో చెప్పండి. ఇక్కడ నడిచే పద్ధతి ఇది: ట్రైనీకి ఒక రోగిని ఇస్తారు, తలుపేసుకుని 45 నిమిషాలు మాట్లాడతారు, బయటికొచ్చి హిస్టరీ, ఎంఎస్ఈ (రోగి ఇప్పటి మానసిక స్థితి పరీక్ష), ప్రొవిజనల్ (తాత్కాలిక) డయాగ్నసిస్ చదువుతారు. ఎగ్జామినర్లు వినేది ఆ చదువుడే. లోపల ఏం అడిగినారో, ఎట్లా అడిగినారో దేవుడికే తెలియాల. పాత ఓపీ చీటీలో ఉన్న డయాగ్నసిస్ చూసి అప్పజెప్పినోళ్ళకీ, కష్టపడి హిస్టరీ లాగినోళ్ళకీ ఒకే మార్కులు పడతాండాయి. ఎవరి దగ్గరైనా మార్కుల షీటు ఉంటే పెట్టండి. తిరుపతి, చిత్తూరు ఓపీల్లో నడిచేదిగా ఉండాల. 40 పేజీల మాన్యువల్ వద్దు.

బ్లూప్రింట్_బాబు
షీటు తర్వాత సంగతి సార్. ముందు ఎవరో ఒకరు ఇంటర్వ్యూని కళ్ళతో చూడాలి. వైద్య విద్య నిపుణుడు మిల్లర్ 1990లో చెప్పిన నాలుగు మెట్లు గుర్తు తెచ్చుకోండి: విషయం తెలుసు, ఎలా చెయ్యాలో తెలుసు, చేసి చూపిస్తాడు, రోజువారీ పనిలో చేస్తాడు. మీ వైవా రెండో మెట్టు మీదే కూర్చుంది. ఇంటర్వ్యూ మూడో మెట్టు.

గదిలో కుర్చీ ట్రైనీ వెనకాల, కొంచెం పక్కకి వేయించండి. రోగి జవాబు ఎగ్జామినర్ వైపు తిరిగి చెప్తుంటే ఎగ్జామినర్ తల దించుకుని షీటు చూడాలి. రెండుసార్లు అలా చేస్తే రోగి మళ్ళీ ట్రైనీ వైపే తిరుగుతాడు. తల ఊపారంటే ఇంటర్వ్యూ మీ చేతికొచ్చేసినట్టే.

లంచ్_తర్వాత_వైవా
45 నిమిషాలు నోరు మూసుకుని కూర్చునే ఎగ్జామినర్‌ని పట్టుకురండి, ముందు ఆయనకి సన్మానం చేద్దాం.

స్వర్ణముఖి
45 నిమిషాలు ఎందుకు? నార్సిని వాళ్ళు 1995లో ఇంటర్నల్ మెడిసిన్ కోసం తెచ్చిన మినీ-సీఈఎక్స్ పద్ధతి మనకీ పనికొస్తుంది. 15–20 నిమిషాలు చూడటం, 5–10 నిమిషాలు ఫీడ్‌బ్యాక్, ఒక పేజీ ఫారం. ఒకసారి మొదటి పది నిమిషాలే చూడండి, ఇంకోసారి రిస్క్ అడిగే భాగం, మరోసారి ఎంఎస్ఈ. ప్రతిసారీ వేరే సూపర్‌వైజర్, వేరే రకం రోగి. డిప్రెషన్ కేసులో చక్కగా అడిగే ట్రైనీ తాగుడు హిస్టరీ దగ్గర తడబడటం మామూలే. ఒక్క రోగితో ఒక్క రోజు పెట్టిన పరీక్ష ఆ రోగి గురించి చెప్తుంది, ట్రైనీ గురించి కాదు.

పలమనేరు_టమాటా
ఓపీ బయట అరవై మంది కూర్చోని ఉంటే 15 నిమిషాలు కూడా ఎక్కువేనక్కా. సోమవారం పెట్టినారంటే క్యూ కొట్టడానికొస్తాది.

స్వర్ణముఖి
@పలమనేరు_టమాటా, సోమవారం ఎవరు పెట్టమన్నారు? రద్దీ తక్కువుండే మధ్యాహ్నం, ఫాలోఅప్ రోగులు కాకుండా కొత్త రిజిస్ట్రేషన్లలో ఒకరిని తీసుకోవాలి. ఫాలోఅప్ రోగి "నాకు బైపోలార్ అన్నారు" అని తనే చెప్పేస్తాడు. పాత చీటీల కవరు కౌంటర్ దగ్గరే తీసి పెట్టుకోండి. కపిలతీర్థం సార్ చెప్పిన గొడవ సగం అక్కడే తీరిపోతుంది.

ముదురు_ఎగ్జామినర్
నేను మొండిగా ఒక మాట అంటాను. డయాగ్నసిస్ సరైతే ఇంటర్వ్యూ సరైనట్టే కదా? రోగికి కావలసింది అదే. మర్యాదగా మాట్లాడి తప్పు డయాగ్నసిస్ ఇచ్చేవాడి వల్ల ఏం లాభం?

అలిపిరి_మెట్లు
లాభం ఎవరికీ లేదు సార్. కానీ మనం కొలిచేది ఏమిటో తేల్చుకోవాలి. మూడు నెలలుగా మాటలు వినపడుతున్నాయి, అనుమానాలు ఉన్నాయి అనుకుందాం. ఒక ట్రైనీ స్కిజోఫ్రీనియా అన్నాడు, ఇంకొకరు స్కిజోఫ్రీనిఫార్మ్ (అవే లక్షణాలు, తక్కువ కాలం) అన్నారు. ఐసీడీ (డబ్ల్యూహెచ్‌ఓ రోగాల వర్గీకరణ) ప్రకారం ఒక నెల చాలు కాబట్టి మొదటిది సరి. డీఎస్ఎం-5 (అమెరికన్ సైకియాట్రిస్టుల మాన్యువల్) ఆరు నెలలు అడుగుతుంది కాబట్టి రెండోది సరి. ఇద్దరి ఇంటర్వ్యూలూ బాగానే ఉండొచ్చు, వాడిన కొలబద్ద వేరు.

అమెరికన్ సైకియాట్రిస్ట్ స్పిట్జర్ వాళ్ళు 1970లలోనే ఈ తేడాల్ని విడగొట్టారు. ట్రైనీ తప్పు పట్టుకునేటప్పుడు నేను చూసేవి మూడు:

ఒకటి, సమాచారం తేడా. అసలు అడగలేదు. నిద్ర గురించి అడిగాడు, నిద్ర తగ్గినా ఒంట్లో హుషారు పెరిగిందా అని అడగలేదు. మేనియా (మితిమీరిన హుషారు దశ) జారిపోయింది.

రెండు, గమనించడంలో తేడా. రోగి చెప్పాడు, ట్రైనీ దాన్ని వేరేగా చదివాడు. "వాళ్ళు నా గురించే మాట్లాడుకుంటాండారు" అన్నదాన్ని హాలూసినేషన్‌గా రాశాడు. అది పక్కింటోళ్ళ మీద అనుమానమా, మనిషి లేకుండా వినపడే మాటా అని తేల్చుకోలేదు.

మూడు, ప్రమాణం తేడా. పైన చెప్పిన స్కిజోఫ్రీనియా లాంటిది.

డయాగ్నసిస్ ఒక్కటే చూస్తే ఈ మూడూ ఒకే "తప్పు"గా కనిపిస్తాయి. కానీ చికిత్స వేరు. మొదటిదానికి ప్రశ్నలు నేర్పాలి, రెండోదానికి వీడియో చూపించి మళ్ళీ వినిపించాలి, మూడోదానికి పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టాలి.

కపిలతీర్థం
ఇది షీటులో ఎక్కించదగ్గ సంగతి. ఏ రకం తప్పో టిక్కు పెట్టే గడి ఒకటి ఉంటే ఫీడ్‌బ్యాక్ తేలికవుతాది.

రెండో_ఏడాది
ట్రైనీల తరపున ఒక మాట. చెక్‌లిస్ట్ ఇస్తే బాగుంటుంది. ఏం అడిగితే మార్కు వస్తుందో తెలియకుండా ఎలా చదవాలి?

ముదురు_ఎగ్జామినర్
చెక్‌లిస్ట్ ఇచ్చామంటే గుక్క తిప్పుకోకుండా 60 ప్రశ్నలు అడుగుతారు. "నిద్ర? ఆకలి? చావాలనిపిస్తోందా? చదువు ఎంతవరకు?" రోగికి మాట్లాడే సందు ఉండదు, కానీ టిక్కులన్నీ పడతాయి.

బ్లూప్రింట్_బాబు
ఆయన మొండిగా అన్నా ఇది నిజం. టొరంటోలో హాడ్జెస్ బృందం 1999లో అచ్చువేసిన పని ఇదే చూపింది. చెక్‌లిస్ట్ స్కోరులో అనుభవం ఉన్న డాక్టర్లు విద్యార్థుల కంటే ఎక్కువేం తెచ్చుకోలేదు. అనుభవజ్ఞులు అన్నీ అడగరు, నాలుగు ప్రశ్నలతో దారి పట్టుకుంటారు. అందుకే మొదటి సంవత్సరం చెక్‌లిస్ట్ ఎక్కువ, చివరి సంవత్సరం గ్లోబల్ రేటింగ్ (మొత్తం మీద ఎలా చేశాడో అంకె వెయ్యడం) ఎక్కువ పెట్టడం న్యాయం. పూర్తిగా గ్లోబల్ అంటే మళ్ళీ హేలో ఎఫెక్ట్ పట్టుకుంటుంది. ఇంగ్లీషు బాగా మాట్లాడే పిల్లకి ఎంఎస్ఈలోనూ 9 పడుతుంది.

నగరి_చెల్లి
గ్లోబల్ అంటే "బాగుంది", "పర్లేదు" అని రాస్తే కుదరదు. ఒక్కో అంకెకి కనిపించే ప్రవర్తన రాయాల. ఓపెన్ ప్రశ్నల దగ్గర ఉదాహరణకి:

1 – మొదటి ప్రశ్న నుంచే అవును/కాదు ప్రశ్నలు, రోగి మాట మధ్యలో కట్.
3 – ఓపెన్‌గా మొదలెట్టినాడు, రోగి పక్కదారి పట్టగానే వెంటనే క్లోజ్డ్‌కి దూకినాడు.
5 – రెండు, మూడు నిమిషాలు రోగిని తన మాటల్లో చెప్పనిచ్చి, చెప్పినదాన్ని పట్టుకుని లోపలికి పోయినాడు, క్లోజ్డ్ ప్రశ్నలు చివర్లో వాడినాడు.

2, 4 మధ్యలోవి. ఇట్లా రాసుకుంటే ఇద్దరు ఎగ్జామినర్ల మధ్య కొట్లాట తగ్గతాది.

ఇంకొకటి, "మీకు చెవిలో మాటలు వినపడతాయి కదా?" అని అడిగేవాళ్ళని గమనించండి. మన ఓపీల్లో పెద్దాయనలు డాక్టరమ్మ ఏదంటే అది ఔనంటారు. కాదంటే మర్యాద కాదనుకుంటారు. రికార్డింగులో "కదా"లు లెక్కపెట్టండి, లీడింగ్ ప్రశ్నల లెక్క దాదాపు తేలిపోతాది.

లంచ్_తర్వాత_వైవా
అవును కదా.

పలమనేరు_టమాటా
కాలం అడగడం కూడా మార్కుల్లో పెట్టండప్పా. "ఎన్ని దినాల్నుంచి?" అంటే "శానా దినాలుగా" అంటారు. ట్రైనీ కేసు షీటులో "చాలా కాలంగా" అని రాసుకుంటాడు. రెండు వారాలు దాటిందా లేదా అన్నదాని మీదే డిప్రెషన్ నిలబడి ఉండాదే! హైపోమేనియాకి (తేలిక రకం మేనియా) డీఎస్ఎంలో నాలుగు రోజులు, మేనియాకి వారం. "శానా దినాలు"తో ఏదీ తేలదు.

గుర్తులు పట్టుకుని అడగాల. "సంక్రాంతికి బాగుండారా? గంగమ్మ జాతరప్పుడు గుడికి పోయినారా? మామిడికాయ కోతలకి పనికి పోగలిగినారా?" ఈ మూడు అడిగితే మొదలైన నెల దొరకతాది. నిజంగా మంచిగుండే రోజులు మధ్యలో ఉన్నాయా అన్నది కూడా తెలుస్తాది. షీటులో "కాలాన్ని స్థానిక గుర్తులతో నిర్ధారించుకున్నాడా" అని ఒక లైను పెట్టండి, 4 మార్కులు.

అలిపిరి_మెట్లు
జాతర పేరెత్తారు కాబట్టి ఎంఎస్ఈ "రూపం" గడి గురించి చెప్తాను. గుండు చూసి "స్వీయ సంరక్షణ లోపం" అని రాసేవాళ్ళు ఉంటారు. తిరుపతిలో! కొండ మీద మొక్కు తీర్చుకుని తిన్నగా ఓపీకి వచ్చే కుటుంబాలు ఎన్ని! అలాగే మే నెల జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టడం ఇక్కడ మొక్కు. మాతంగి వేషం గురించి తెలియని బయటి ఊరి ట్రైనీ దాన్ని కేసు షీటులో ఏ గడిలో పడేస్తాడో చెప్పలేం.

పూనకం సంగతీ అంతే. ఐసీడీ-11లో పొసెషన్ ట్రాన్స్ డిజార్డర్ (6బీ63) పెట్టాలంటే అది ఆ సమాజం ఒప్పుకున్న ఆచారంలో భాగం కాకూడదు, మనిషి కోరుకోకుండా రావాలి, బాధో ఇబ్బందో కలిగించాలి. ట్రైనీ అడగాల్సిన ప్రశ్నలు: గుడి బయట, ఇంట్లో, పనిచోట కూడా వస్తుందా? వద్దనుకున్నప్పుడు వస్తుందా? ఊళ్ళో వాళ్ళు దీన్ని దేవత రావడంగా చూస్తున్నారా, జబ్బుగా చూస్తున్నారా? ఈ మూడూ అడగకుండా పూనకాన్ని సైకోసిస్ అని రాస్తే ఆ గడికి సున్నా. డీఎస్ఎం-5లో రోగి సంస్కృతి గురించి అడిగే 16 ప్రశ్నల కల్చరల్ ఫార్ములేషన్ ఇంటర్వ్యూ ఉంది, అందులోంచి నాలుగైదు తెలుగులోకి మార్చి ఇచ్చినా చాలు.

రెండో_ఏడాది
కాగ్నిషన్ గురించి కూడా అడుగుతున్నా. బడికి పోని పెద్దావిడని 100 లోంచి 7 తీసుకుంటూ పొమ్మంటే ఆవిడ ఏడుపు మొహం పెడుతుంది. అప్పుడు "శ్రద్ధ లోపం" అని రాస్తే ఒప్పా?

నగరి_చెల్లి
తప్పు. చిల్లర లెక్క అడగాల. "వంద నోటిచ్చి 35 రూపాయల పాలు తీసుకుంటే ఎంత తిరిగిస్తాడు?" లేదంటే వారాల పేర్లు వెనక నుంచి. తేదీ తెలీకపోయినా వారం, నెల చెప్తారు. చదువుకి తగ్గట్టు పరీక్ష మార్చుకున్నాడా లేదా అన్నది ఎంఎస్ఈలో ముఖ్యమైన మార్కు. దానికి తోడు మా వైపు సగం మంది అరవం కలిపి మాట్లాడతారు, కుప్పం వైపు కన్నడం కూడా. కూడా వచ్చినోళ్ళు తర్జుమా చేస్తే మూడు వాక్యాలు ఒక వాక్యమైపోతాది. ఒక్కసారికి ఒక్కటే చిన్న ప్రశ్న, రోగి వైపు చూసి. అది చూడాల మనం.

ముదురు_ఎగ్జామినర్
వెంట వచ్చినవాళ్ళ సంగతి ఎత్తావు కాబట్టి: కోడలు రోగి, జవాబులన్నీ అత్తవి. ట్రైనీ అత్తగారి మాటలే హిస్టరీగా రాస్తాడు. ముందు అందరితో, తర్వాత రోగితో ఒంటరిగా, తర్వాత వెంట వచ్చినవాళ్ళతో విడిగా. ఈ మూడు దశలూ చేశాడా, వాళ్ళని నొప్పించకుండా బయటికి పంపాడా, దీనికి కనీసం 5 మార్కులు. "అమ్మా, అందరితోనూ విడివిడిగా మాట్లాడటం ఇక్కడ పద్ధతి" అంటే ఎవరూ కాదనరు. "మీరు బయటికెళ్ళండి" అంటే ఇంటర్వ్యూ అక్కడితో సరి.

కపిలతీర్థం
రిస్క్ అసెస్‌మెంట్‌కి ఎన్ని మార్కులు పెట్టాల? 20 అనుకుంటాండాను.

బ్లూప్రింట్_బాబు
మార్కుల్లో కలపకండి. కలిపితే రిస్క్ అడగనివాడు మిగతా చోట్ల కూడబెట్టి 78తో పాసైపోతాడు. దాన్ని గేటుగా పెట్టండి. రిస్క్ అడగకపోతే మొత్తం ఎంత వచ్చినా ఫెయిల్.

స్వర్ణముఖి
గేటు పెడితే ఇంకో రోగం మొదలవుతుంది. చివరి నిమిషంలో, లేచి వెళ్తూ "చనిపోవాలని ఏమైనా అనిపిస్తుందా, లేదు కదా?" అని అడిగేసి గేటు దాటేస్తారు. అడిగాడా లేదా కాదు, ఎక్కడ అడిగాడు, అవునంటే ఎంత దూరం వెళ్ళాడు అన్నది గేటు కావాలి. బతకాలని లేదన్న మాట నుంచి చనిపోవాలన్న ఆలోచనకి, దాన్నుంచి పథకానికి, సాధనం అందుబాటులో ఉందా అన్నదానికి, గతంలో ప్రయత్నాలకి, ఆపినదేమిటి అన్నదానికి వరుసగా పోవాలి. సేద్యం చేసే ఇళ్ళలో పురుగుమందు ఇంట్లోనే ఉంటుంది, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలో కుటుంబంతో మాట్లాడటం కూడా ఇందులో భాగం. చివర్లో టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 రాసిచ్చాడా చూడండి.

బ్లూప్రింట్_బాబు
ఒప్పుకుంటున్నా. అయితే గేటు రెండు ముక్కలు: సహజంగా మానసిక స్థితి మాట్లాడే చోట అడగడం, "అవును" వస్తే వదలకుండా వెళ్ళడం.

పలమనేరు_టమాటా
స్కిడ్ గానీ మినీ గానీ (ప్రశ్నలు ముందే రాసిపెట్టిన ఇంటర్వ్యూలు) నేర్పిచ్చి, దాన్ని ఎట్లా నడిపినాడో మార్కులేస్తే ఈ తలనొప్పులన్నీ ఉండవు కదా?

అలిపిరి_మెట్లు
మినీ 1998లో వచ్చింది, 15 నిమిషాల్లో అయిపోయేలా కట్టారు. అవును/కాదు వాకిళ్ళు దాటుకుంటూ పోవడమే. దాన్ని చక్కగా చదివినవాడికి మంచి మార్కులు వస్తాయి గానీ ఓపెన్‌గా అడగడం వచ్చో లేదో తెలియదు. స్కిడ్‌లో కొంత నయం, మధ్యలో ఎదురు ప్రశ్న వేసి క్లినికల్‌గా నిర్ణయించాలి. వాటిని కొలతగా వాడండి: అదే రోగిని సూపర్‌వైజర్ స్కిడ్‌తో చూడటం, ట్రైనీ మామూలుగా చూడటం, ఆపైన పోల్చడం. ఒక్క చిక్కుంది, రెండోసారి అడిగేసరికి రోగి అలిసిపోయి "చెప్పినా కదా" అని కుదించేస్తాడు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది మార్చుకుంటూ ఉండాలి.

స్వర్ణముఖి
ఫైనల్ పరీక్షకైతే నటించే రోగులు మేలు. హార్డెన్ 1975లో డండీలో పెట్టిన ఆస్కీ (స్టేషన్ల వారీగా పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) లాంటిదే. స్క్రిప్టుని మూడు పొరలుగా రాయాలి. అడక్కుండానే చెప్పేది: "నిద్ర పట్టడం లేదు, తలంతా బరువు." ఓపెన్‌గా అడిగితే చెప్పేది: పనికి పోవడం మానేశాడు, ఎవరితోనూ కలవడం లేదు. ఒంటరిగా, నిదానంగా అడిగితేనే చెప్పేది: అప్పు, చావు ఆలోచన. ఏ పొర దాకా వెళ్ళాడో అదే మార్కు. దీనికి చెక్‌లిస్ట్ అక్కర్లేదు.

నాటకాల వాళ్ళనో, కాలేజీ స్టాఫ్‌లో ఆసక్తి ఉన్నవాళ్ళనో పెట్టుకోండి. జూనియర్ ట్రైనీలని పెట్టకండి, సీనియర్ ముఖం చూసి జాలిపడి మూడో పొర తనే చెప్పేస్తుంది. రోజంతా ఏడుపు పాత్ర వేసినవాళ్ళని అలాగే ఇంటికి పంపకండి, ఐదు నిమిషాలు మాట్లాడి పాత్రలోంచి బయటికి తీసుకురండి.

లంచ్_తర్వాత_వైవా
తిరుపతిలో మూడు తరాల సురభి అభిమానులు ఖాళీగా ఉన్నారు. పిలవండి, ఇంటర్వెల్ కూడా అడుగుతారు.

కప్పా_కుమార్
ఎగ్జామినర్ల మీద ఎవరూ మాట్లాడలేదు. ఇద్దరూ 80 శాతం కలిశారని సంబరపడకండి. 20 రికార్డింగులు అనుకోండి. ఇద్దరూ పాస్ అన్నవి 14, ఇద్దరూ ఫెయిల్ అన్నవి 2, మిగతా 4లో ఒకరే పాస్ అన్నవి చెరో రెండు. కలిసింది 16, అంటే 0.80. కానీ ఇద్దరూ 16 మందిని పాస్ చేసేవాళ్ళే కాబట్టి కళ్ళు మూసుకుని వేసినా 0.8×0.8 ప్లస్ 0.2×0.2, అంటే 0.68 కలుస్తుంది. ఆ కాకతాళీయం తీసేసి చూసే కొలత కప్పా = (0.80 – 0.68) ÷ (1 – 0.68) = 0.375. పేలవం. 0.6 పైన ఉంటే నమ్మొచ్చు. ఐదు అంకెల స్కేలైతే వెయిటెడ్ కప్పా గానీ ఐసీసీ గానీ (తేడా ఎంత పెద్దదో కూడా లెక్కలోకి తీసుకునే కొలతలు).

పరీక్షకి వారం ముందు ఎగ్జామినర్లు కూర్చుని మూడు పాత వీడియోలకి విడివిడిగా మార్కులెయ్యాలి. రెండు అంకెల తేడా వచ్చిన లైన్లు మాత్రమే చర్చించాలి. ఎక్కువమంది దగ్గర తగాదా "ఎంపథీ" లైను మీదే వస్తుంది, దాన్ని కనిపించే ప్రవర్తనగా తిరగరాసుకోండి.

ముదురు_ఎగ్జామినర్
పాస్ మార్కు 50 అని పెట్టుకుంటే చాలదా?

కప్పా_కుమార్
50 ఎక్కడిదని అడిగితే జవాబు లేదు. బార్డర్‌లైన్ రిగ్రెషన్ (చెక్‌లిస్ట్ మార్కుల్ని గ్లోబల్ రేటింగుతో పోల్చి గీత గీసి పాస్ మార్కు తియ్యడం) బాగుంటుంది గానీ ఒక బ్యాచ్‌లో ఎనిమిది మందే ఉంటే ఆ గీత ఎటైనా వంగుతుంది. తక్కువ మందికి యాంగాఫ్ మేలు: నలుగురు ఎగ్జామినర్లు ఒక్కో లైనుకీ "బొటాబొటిగా పాసయ్యేవాడు ఇది చేసే అవకాశం ఎంత" అని ముందే రాసి సగటు తియ్యడం. రోజువారీ అంచనాకి ఇంకా తేలిక ప్రశ్న ఉంది: ఈ ట్రైనీని సూపర్‌వైజర్ పక్కన లేకుండా కొత్త రోగి దగ్గర కూర్చోబెడతారా, పక్క గదిలో ఉంటే కూర్చోబెడతారా, లోపలే ఉండాలా?

రెండో_ఏడాది
వీడియో తీస్తారంటున్నారు. రోగి ఒప్పుకోకపోతే?

అలిపిరి_మెట్లు
చికిత్స అంగీకారం వేరు, శిక్షణ రికార్డింగు అంగీకారం వేరు. రెండు కాగితాలు, రెండు సంతకాలు. ఒప్పుకోకపోయినా చికిత్సలో తేడా ఉండదని నోటితో చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది. ముఖం అవసరం లేకపోతే ఆడియో చాలు. ట్రైనీ సొంత ఫోనులో తియ్యకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు, ఫీడ్‌బ్యాక్ అయ్యాక ఏ తేదీన చెరిపేస్తారో కాగితం మీదే ఉండాలి.

కపిలతీర్థం
ఇప్పటిదాకా రాసుకున్నది. చూసి చెప్పండి. మొదలుపెట్టడం, గోప్యత పరిమితి చెప్పడం 8. ఓపెన్ నుంచి క్లోజ్డ్‌కి 15. కాలం, క్రమం, మొదలైన సందర్భం 12. వెంట వచ్చినవాళ్ళతో వ్యవహారం 8. లేవని తేల్చుకోవాల్సిన లక్షణాలు అడగడం, తాగుడుతో సహా 12. ఎంఎస్ఈ, చదువుకీ సంస్కృతికీ తగ్గట్టు 20. అనుకూల, ప్రతికూల ఆధారాలతో డిఫరెన్షియల్ (ఏయే జబ్బులు కావచ్చో జాబితా) 20. ముగించడం 5. మొత్తం 100. రిస్క్ గేటు విడిగా, రెండు ముక్కలు. తప్పు రకం గడి: అడగలేదు / వేరేగా చదివాడు / ప్రమాణం.

పలమనేరు_టమాటా
కాలానికి 12 ఇచ్చినారు. నేను 4 అంటే మీరు మూడింతలు చేసినారు, సంతోషం.

నగరి_చెల్లి
చివరి డయాగ్నసిస్‌కి విడిగా మార్కు లేదు, బాగుంది. కానీ ముదురు సార్ ఒప్పుకుంటారా?

ముదురు_ఎగ్జామినర్
డిఫరెన్షియల్ 20లో ఆధారాలు లేకుండా పేరు మాత్రం చెప్తే 4 దాటనివ్వకండి. అప్పుడు ఒప్పుకుంటా. మాట్లాడని రోగి వస్తే ఏం చేస్తారో కూడా రాయండి. మ్యూట్‌గా ఉన్న రోగి దగ్గర హిస్టరీ మార్కులు రావు, ట్రైనీ తప్పు లేదు.

స్వర్ణముఖి
అప్పుడు హిస్టరీ మార్కులు వెంట వచ్చినవాళ్ళ దగ్గర తీసినదానికి, ఎంఎస్ఈ మార్కులు భంగిమ, కంటిచూపు, ప్రతిస్పందన వర్ణించినదానికి వెయ్యాలి. సరిగ్గా వర్ణిస్తే 20కి 20 ఇవ్వొచ్చు.

కప్పా_కుమార్
షీటు రెండో ఎగ్జామినర్‌కి ముందు రోజే పంపండి. గదిలో కూర్చుని మొదటిసారి చదివేవాళ్ళు మొదటి పది నిమిషాల ఇంటర్వ్యూ చూడరు, గోప్యత గురించి చెప్పాడా లేదా అన్న 8 మార్కులు అందాజుగా వేసేస్తారు.